ఎండ పడని గది

తెల్లారేసరికి హైమవతి మూడో అట్టపెట్టెకి టేపు అంటించి, కాసేపాగి మళ్లీ పీకేసింది. గోంగూర జాడీ పక్కన ఇంగువ డబ్బా పెట్టిందో లేదోనని అనుమానం. పెట్టింది. మళ్లీ టేపు వేసింది. వేశాక మిరియాల పొడి గుర్తొచ్చింది.

"హైమా, ఆ టేపు చప్పుడుకి పైనున్న పిల్లలంతా లేచి కూర్చున్నారు," అన్నాడు చలపతిరావు పేపరు చాటునుంచి. "అమ్మాయిని ఉద్యోగానికి పంపుతున్నామా, కొండ మీద ఇంకో హాస్టల్ తెరుస్తున్నామా?"

"మీకేం, కూర్చుని ఎన్నైనా అంటారు. అక్కడ చింతపండు దొరకదట."

"అక్కడా మనుషులే కదా ఉండేది."

"మనుషులుంటారు. చింతపండు ఉండదు," అని హైమవతి టేపు మళ్లీ పీకింది.

హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఆవిడ లేడీస్ హాస్టల్ నడుపుతోంది. కింద ముందుగది ఆఫీసు, దాని వెనక రెండు గదుల్లో సంసారం, పైన మూడు అంతస్తుల నిండా కోర్సులు నేర్చుకోవడానికి ఊళ్లనుంచి వచ్చిన ఆడపిల్లలు. తణుకునుంచి వచ్చి ఈ సందులో స్థిరపడ్డాక భర్త పంజాగుట్టలో మందుల కంపెనీ ఆఫీసుకి వెళ్లి వచ్చి, రిటైరై పేపరు పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ ఆఫీసు కుర్చీలోనే ఉంది. కొత్త ఊళ్లో కాలు పెట్టేవాళ్లకి సలహాలు చెప్పడంలో ఆవిడను మించినవాళ్లు అమీర్‌పేటలో లేరని పేరు. ఆ పేరు తెచ్చింది ముఖ్యంగా ఆవిడ నోరే అనుకోండి.

ఒక్కగానొక్క కూతురు భావన నాచుమొక్కల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. బండల మీద పాకే నాచుకి కూడా డాక్టరేటు ఇస్తారని హైమవతికి అప్పుడే తెలిసింది. ఇప్పుడు హిమాచల్‌లో, సోలన్ దాటాక ఒక కొండ ఊళ్లో కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఊరు చిన్నది. కాలేజీ ఉంటేనే ఆ ఊళ్లో టీకొట్టు ఉంటుంది, కాలేజీకి సెలవులైతే దానికీ సెలవే. ఈ వారంలోనే ప్రయాణం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, అది మన దగ్గర. అక్కడ చలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

కాలేజీవాళ్లు అద్దె గదులిచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు పంపితే, "గదుల సంగతా? అది నా విద్య, నాకొదిలెయ్," అని హైమవతి ఫోన్ లాక్కుంది. తన హైదరాబాదు హిందీలో ఒక ఇంటావిడను పట్టుకుని, ఒకటికి పదిసార్లు బతిమాలి, ఆ ఇంట్లోకెల్లా చల్లటి గది ఖాయం చేసింది. ఎండ పొడ కూడా పడకూడదని గట్టిగా చెప్పింది. ఆవిడ హాస్టల్లో మొదటి అంతస్తు వెనకగది అలాంటిదే. పక్క బిల్డింగు ఆనుకుని ఉండటంతో సూర్యుడు దాని మొహం చూడలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ గది కోసం పిల్లలు కొట్టుకుంటారు. కూతురికి కూడా అలాంటిదే దొరికిందని ఆవిడ వారం రోజులుగా సందులో అందరికీ చెప్పుకుంటోంది.

ఆ పొద్దున పది గంటలకి సిరిసిల్ల నుంచి ఒక కుటుంబం దిగింది. మగ్గాల మీద పనిచేసే సిద్ధిరాములు, ఆయన భార్య కాంతవ్వ, వాళ్ల కూతురు నిరోష. పిల్ల చేతిలో ట్రంకుపెట్టె, తల్లి చంకలో చుట్టిన చాప. ఆ చాప చూడగానే హైమవతికి విషయం తెలిసిపోయింది.

"మీరు ఇక్కడిదాకానేనమ్మా. మెట్లెక్కడానికి లేదు. అది మా రూలు."

"ఒక్క రాత్రే మేడం," అంది కాంతవ్వ. "నేను గీడ ఆఫీసుల సుత పండుకుంట. చాప తెచ్చుకున్న. మంచం గించం ఏమద్దు."

"మీ మంచికే చెబుతున్నాను, వినండి." హైమవతి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఈ ఉపన్యాసం ఆవిడకి నిద్రలో కూడా వచ్చు. "మొదటి రాత్రి తల్లి పక్కన పడుకుంటే ఆ రాత్రి పోదమ్మా, రేపటికి వాయిదా పడుతుంది, అంతే. మీరుంటే మీ అమ్మాయి పక్క మంచం పిల్ల పేరు కూడా అడగదు. ఆకలేస్తే మీ కొంగు పట్టుకుంటుంది. మీరు లేకపోతే వంటింటి దారి అడుగుతుంది. దారి అడగడం వస్తే ఊరు వచ్చేసినట్టే. ఏడవనివ్వండి. రెండు రోజులు ఏడ్చినవాళ్లే ఇక్కడ బాగా చదువుకున్నారు."

"మేడం చెప్తున్నది కదనే. పోదాం పా," అన్నాడు సిద్ధిరాములు. గొంతు మాత్రం ఆయనదీ గట్టిగా లేదు.

"నా చేతి బువ్వ తప్ప తినది మేడం గీ పిల్ల. జర చూడుండ్రి."

"చూస్తాను. మీరు ఫికర్ చేయకండి. రాత్రికి ఫోన్ చేయండి, చెబుతాను."

కాంతవ్వ గేటు దాటాక మూడుసార్లు వెనక్కి చూసింది. చాప అలాగే చంకలో ఉంది. లోపలి గుమ్మం దగ్గర బట్టలు మడతపెడుతున్న భావన అదంతా చూసి, తల్లి వైపు ఒకసారి తిరిగి, మళ్లీ పనిలో పడింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా భావనకి ఫోన్ వచ్చింది. కాలేజీలో ఆమె పైఅధికారి సూద్ మేడమ్. హిందీలో చాలా ఆప్యాయంగా మాట్లాడుతోంది. భావన మొదట "జీ, జీ" అంది. తర్వాత కళ్లు పెద్దవి చేసింది. తర్వాత, "నాకా? ఎండ జబ్బా?" అని కేక పెట్టింది.

చలపతిరావు చారు గిన్నె కింద పెట్టేశాడు.

సంగతేమిటంటే, ఆ ఊళ్లో ఫిబ్రవరిలో ఎండ ఉన్న గది కోసం మనుషులు బంధుత్వాలు కలుపుకుంటారు. అలాంటిది హైదరాబాదునుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఎండ చుక్క కూడా పడని గది కావాలని ప్రాధేయపడేసరికి ఇంటావిడ నిర్ఘాంతపోయింది. ఇదేదో ఒంటికి ఎండ సరిపడని జబ్బు అయి ఉంటుంది, పాపం పెళ్లికాని పిల్ల, పైకి చెప్పుకోలేరు అని తనే అర్థం చేసుకుంది. బంగాళాదుంపల బస్తాలు పెట్టుకునే వెనకగది ఖాళీ చేయించి కడిగించింది. ఊరు చిన్నది కదా, మాట సాయంత్రానికల్లా కాలేజీకి చేరింది. సూద్ మేడమ్ భావన పాఠం చెప్పబోయే క్లాసుకి మందపాటి పరదాలు కుట్టించింది. ఆ సంగతి చెబుదామని ఫోన్ చేసింది.

భావనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జబ్బేమీ లేదని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. సూద్ మేడమ్ నవ్వీ నవ్వీ, చివరికి వరసగా చెప్పుకుపోయింది. ఇక్కడ అద్దె ఎండకే కడతామమ్మా, గోడలకి కాదు. ఒకే లావు స్వెట్టరు తెచ్చుకోకు, పల్చటివి నాలుగు ఒకదాని మీద ఒకటి వేసుకో, ఉన్నివి ఇక్కడే కొనుక్కో. అరికాలు జారని బూట్లు ముఖ్యం. పెట్టెలు తగ్గించు, రోడ్డు పైన ఉంటుంది, ఇల్లు కింద ఉంటుంది, మధ్యలో అన్నీ మెట్లే. మొదటి వారం మెల్లగా నడువు, ఆయాసం వస్తే సిగ్గుపడకుండా ఎక్కడ పడితే అక్కడ కూర్చో. ఇడ్లీ పిండి పులవాలంటే రజాయి దుప్పట్లో పెట్టి నీ పక్కనే పడుకోబెట్టుకో.

ఫోన్ పెట్టేశాక భావన తల్లి వైపు తిరిగింది. "అమ్మా, బంగాళాదుంపల గదా? ఆ గోడల మీద నాచు పడుతుంది. నేనిక కొండలెక్కక్కర్లేదు, మంచం మీదనుంచే పరిశోధన చేసుకోవచ్చు."

చలపతిరావుకి పొలమారింది. హైమవతి మాత్రం నవ్వలేదు. "ఎండ పడితే ఒళ్లు మాడుతుంది. ఎక్కడైనా అంతే," అని కంచం తీసుకుని లేచిపోయింది. ఆవిడ మొహం ఎర్రబడింది. తన విద్య గురించి అలా నవ్వితే ఎవరికైనా ఉక్రోషం వస్తుంది.

రాత్రి పైన పిల్లల భోజనాలయ్యాక అసలు సంగతి మంగవ్వ నోటినుంచి జారింది. మంగవ్వ బోరబండ నుంచి వచ్చే వంటమనిషి. మిగిలిన కూర గరిటెతో గిన్నెలోకి తీస్తూ భావనతో తన బాధ చెప్పుకుంది.

"మేడం లేకుంటే గీ పోరీలను నేనెట్ల సంభాళియ్యాలె భావనమ్మా? ఆర్నెల్లంటే మాటలా? సార్‌కేమో చాయ్ పెట్టుకునుడు సుత రాదాయె."

"ఆరు నెలలేంటి? అమ్మ నన్ను దింపి వారంలో వచ్చేస్తుంది కదా."

మంగవ్వ గరిటె ఆగిపోయింది. "అయ్యో, నీకు ఎర్క లేదా బిడ్డా?" అని నాలుక కరుచుకుంది.

భావన నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చింది. హైమవతి కుర్చీలో కూర్చుని అట్టపెట్టెల మీద పేర్లు రాస్తోంది. చలపతిరావు టీవీలో వార్తలు చూస్తున్నాడు.

"అమ్మా, నీ తిరుగు టికెట్ ఎప్పటికి?"

"చూడాలి."

"ఏంటి చూడాల్సింది?"

"అక్కడికి వెళ్లాక చూద్దాం. నీకు అలవాటు కావాలి కదా. వంటా గింటా చూసుకుంటాను, నువ్వు పాఠాలు చెప్పుకో."

"నాన్నా, మీకు తెలుసా?"

చలపతిరావు టీవీ గొంతు తగ్గించాడు. "నాకు ఊరగాయ ఎంత పెట్టి వెళ్తోందో చూశాక అనుమానం వచ్చిందమ్మా," అన్నాడు.

"నేను పాఠం చెప్పడానికి వెళ్తున్నానమ్మా, ఎల్కేజీలో చేరడానికి కాదు! నాతో ఒక్క మాటైనా చెప్పావా? మంగవ్వకి తెలుసు, నాకు తెలియదు."

"చెబితే వద్దంటావని చెప్పలేదు."

"వద్దనే అంటాను."

"అను. నేను కన్నదాన్ని. వస్తాను."

ఆ మాట మీదే టేబుల్ మీద ఫోన్ మోగింది. హైమవతి దాన్ని ఎత్తి, క్షణంలో గొంతు మార్చేసింది. ఇప్పటిదాకా అరిచిన మనిషి ఈవిడేనా అనిపించేంత తియ్యగా మాట్లాడింది. "ఆఁ చెప్పండమ్మా... తిందండీ, శుభ్రంగా తింది. పడుకుంది కూడా. మీరు ఫికర్ చేయకండి, ఉంటాను." ఫోన్ పెట్టేసి, "ఏమంటున్నావు?" అంది మళ్లీ పాత గొంతుతో.

భావన తల్లినే చూస్తోంది. "ఎవరు ఫోన్‌లో?"

"సిరిసిల్లావిడ. ఇప్పుడే బస్సెక్కిందట."

"నిరోష తినలేదమ్మా. నేను ఇందాకే పైకి వెళ్లొచ్చాను. గోడకేసి తిరిగి ఏడుస్తోంది. కంచం ముట్టుకోలేదు. నువ్వు పైకి వెళ్లి చూశావా?"

"లేదు."

"మరి తిందని ఎలా చెప్పావు?"

"అలాగే చెబుతాను!" హైమవతి చేతిలో పెన్ను టేబుల్ మీద కొట్టింది. "ఎప్పుడూ అలాగే చెబుతాను. ఈ మోకాళ్లతో ఎన్నిసార్లు ఎక్కను? తినలేదని చెబితే ఆ తల్లి బస్సు దిగి చాప పట్టుకుని వెనక్కొస్తుంది. అందుకని తింది, పడుకుంది అంటాను. ఈ కుర్చీలోంచి లేవకుండా అంటాను. ఇన్నేళ్లుగా ఎంతమంది తల్లులకి అలా చెప్పానో నాకే తెలియదు. ఇప్పుడు అర్థమైందా నేనెందుకు వస్తానంటున్నానో? అక్కడ ఆ ఇంటావిడ కూడా నాలాంటిదే అయితే? నేను ఇక్కడినుంచి ఫోన్ చేస్తే, ఆవిడా కుర్చీలోంచి లేవకుండా తింది పడుకుంది అంటే? నువ్వు తిన్నావో లేదో నాకెవరే చెప్పేది?"

మెయిన్ రోడ్డు మీదనుంచి మెట్రో వెళ్లిన చప్పుడు వినిపించింది. కోపంతో వచ్చిన భావనకి తల్లి మొహం చూస్తే జాలేసింది. కానీ ఇప్పుడు జాలిపడితే జీవితమంతా జాలిపడుతూనే ఉండాలని కూడా తోచింది.

"మొదటి రాత్రి తల్లి పక్కన పడుకుంటే ఆ రాత్రి పోదమ్మా, రేపటికి వాయిదా పడుతుంది," అంది నెమ్మదిగా. అచ్చం తల్లి గొంతులోనే అంది. "మీరుంటే మీ అమ్మాయి పక్క మంచం పిల్ల పేరు కూడా అడగదు. ఎవరన్న మాటమ్మా ఇది?"

"నన్నే వెక్కిరిస్తావా?"

"వెక్కిరించట్లేదు. నువ్వు తిందని చెప్పింది అబద్ధం. ఇది మాత్రం నిజం. నిజమని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నువ్వొస్తే నేను సూద్ మేడమ్ ఇంటి తలుపు కొట్టను. జ్వరమొస్తే నిన్ను లేపుతాను. దారి తప్పితే నీకు ఫోన్ చేస్తాను. ఆర్నెల్ల తర్వాత నువ్వు రైలెక్కినరోజు నాకు మొదటి రాత్రి. అప్పుడు పక్క మంచం కూడా ఉండదమ్మా." భావన తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు ఆ రైలెక్కితే నేనెక్కను. ఉద్యోగం వద్దని రాసేస్తాను."

"రాసెయ్! ఇక్కడే ఉండిపో! ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

నోరు జారాక హైమవతికే తెలిసింది, తన మనసులో ఉన్న మాట అదేనని. అట్టపెట్టెలూ, చింతపండూ, చల్లటి గదీ అన్నీ ఆ ఒక్క మాట మీద కప్పిన గుడ్డలు. భావన లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చలపతిరావు లేచి టీవీ కట్టేశాడు. "నువ్వు తినలేదు హైమా," అన్నాడు కాసేపటికి. ఆవిడ మళ్లీ పెన్ను అందుకుంది.

ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. అటు దొర్లి, ఇటు దొర్లి, లేచి నీళ్లు తాగి, పెట్టెలు లెక్కపెట్టి, పడుకుని, మళ్లీ లేచింది. తెల్లారగానే చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కింది. పైకి వెళ్లి చాలా కాలమైంది. మెట్ల మలుపులో గోడ రంగు మార్చింది తనే అయినా, ఇప్పుడే చూసినట్టు అనిపించింది.

మొదటి అంతస్తు వెనకగది తలుపు తోసింది. కొత్తగా వచ్చే పిల్లలకి మంచి గది ఇవ్వాలని నిరోషకి అదే ఇచ్చింది మరి. లోపల లైటు వేసుకుని నిరోష, పక్క మంచం రవళి ఒకే మంచం మీద కూర్చున్నారు. మధ్యలో కాంతవ్వ కట్టిచ్చిన సకినాల డబ్బా ఉంది. నిరోష కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ నోరు ఆడుతోంది.

"రాత్రి తిన్లేదటగా?" అంది హైమవతి.

"సగం తిన్నది ఆంటీ," అంది రవళి. "నేనే లేపి తినిపిచ్చిన. నా మొదటి రోజు సుత గిట్లనే ఏడ్సిన అని చెప్పిన. అప్పుడు లేసింది."

హైమవతి మంచం అంచున కూలబడింది. మోకాళ్లు లాగుతున్నాయి. "గది బాగుందా అమ్మా నీకు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆవిడ ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు. బాగుందని ఆవిడకి తెలుసు కాబట్టి అడగలేదు.

నిరోష నీళ్లు నమిలింది. "మంచిగున్నది ఆంటీ. జర చీకటున్నది అంతే. మా ఇంట్ల పొద్దుగాల మొకం మీద ఎండ పడితెనే లేస్తం. గీడ తెల్లారిందా లేదా ఎర్కయితలేదు. పొద్దున మెలకువొస్తే ఇంకా రాత్రే ఉన్నదని మళ్ల ఏడుపొచ్చింది."

హైమవతి కిటికీ వైపు చూసింది. కిటికీ అవతల పక్క బిల్డింగు గోడ ఉంది. దాని మీద పచ్చగా నాచు పాకి ఉంది. కూతురు ఇన్నేళ్లు చదివిన నాచు తన హాస్టల్ గోడ మీదే ఉందని ఆవిడ చూడనే లేదు. గది మంచిదే. ఏప్రిల్‌లో మంచిది. సిరిసిల్ల పిల్లకి, ఫిబ్రవరిలో, మొదటి పొద్దున మంచిది కాదు. తను పోగుచేసుకున్న అనుభవమంతా ఈ సందుకి సరిపోయేదేనని, కొండమీదకి దాన్ని మోసుకెళ్తే బంగాళాదుంపల గదే దొరుకుతుందని అప్పుడు అర్థమైంది. ఇంకోటి కూడా అర్థమైంది. తను మెట్లెక్కకపోయినా, పక్క మంచం పిల్ల లేచింది. తల్లి లేదు కాబట్టే లేచింది.

"సామాను సర్దుకో. రోడ్డువైపు గది ఇస్తాను, ఎండ కావలసినంత వస్తుంది," అంది లేస్తూ. "మేలో మాడిపోతున్నానని వచ్చావంటే మాత్రం ఊరుకోను."

కిందికి దిగి, కుర్చీలో కూర్చోకుండానే కొండమీది ఇంటావిడకి ఫోన్ కలిపింది. "బెహన్‌జీ, వో కమ్రా నహీ హోనా. ధూప్‌వాలా హోనా," అంది. ఆ గది వద్దు, ఎండ వచ్చేదే కావాలని. తర్వాత ఇంటావిడ జంకుతూ అడిగింది, పిల్లకి ఆ ఎండ బీమారీ తగ్గిపోయిందా అని.

"తగ్గింది," అంది హైమవతి. "ఏక్ రాత్ మే తగ్గింది." అది ఏ భాషో ఇద్దరికీ పట్టలేదు. ఎండ వచ్చే మేడగది చిన్నదట, మంచం తప్ప ఇంకేమీ పట్టదట. "చాలు. ఏక్‌హీ ఆద్మీ," అంది. ఒక్కరే అని ఇంకోసారి కూడా చెప్పింది.

ఫోన్ పెట్టి భర్త వైపు తిరిగింది. "నా టికెట్ రద్దు చేసెయ్యండి."

చలపతిరావు కళ్లజోడు సవరించుకుని, ఆవిడ మళ్లీ మనసు మార్చుకునేలోగా ఫోన్ తీసుకున్నాడు. గుమ్మంలో భావన నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులేసింది.

"ఏడవకు," అంది హైమవతి, తను ఏడుస్తూనే. "పెట్టెలు విప్పు. అన్నీ మెట్లేనట. రోడ్డు పైన, ఇల్లు కింద, అదేం ఊరే తల్లీ! గ్రైండరు తీసెయ్. చింతపండు మాత్రం ఉంచు, ఆ విషయంలో నేను వినను."

బయల్దేరే పొద్దున మంగవ్వ బల్కంపేట ఎల్లమ్మ బొట్టు పొట్లం కట్టి తెచ్చింది. "మంచిగ పో బిడ్డా. చలైతే చాయ్ తాగు, మందేసుకోకు," అని తనకు తోచిన సలహా తనూ ఇచ్చింది. నాంపల్లి స్టేషన్‌కి ఆటో గేటు ముందు ఆగింది. చలపతిరావు సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని ముందే కూర్చున్నాడు.

"స్టేషన్‌కి రావా అమ్మా?"

"రాను. తల్లులు ఇక్కడిదాకానే. రూలు," అంది హైమవతి.

ఆటో సందు మలుపు తిరిగేదాకా గేటు ఊచ పట్టుకుని నిలబడింది. ఇదే ఊచ పట్టుకుని ఎందరో తల్లులు అవతలివైపు నిలబడ్డారు. ఇక వెళ్లండమ్మా, గేటు వేయాలి అని ఆవిడ అందరికీ చెప్పేది. తనకి చెప్పేవాళ్లు లేక చాలాసేపు అక్కడే ఉండిపోయింది. పాలవాడు వచ్చి పక్కకి జరగమంటే అప్పుడు లోపలికి వచ్చింది.

మర్నాడు సాయంత్రం, బస్సు దిగానని భావన ఒక్క మాట చెప్పింది. ఆ మాట మీదే లైను తెగింది. కొండల్లో సిగ్నల్ అంతేనట. హైమవతి ఆఫీసు గదిలో లేస్తూ కూర్చుంటూ తిరిగింది. మంగవ్వ పిల్లలకి అన్నాలు వడ్డించే వేళైంది. మొదటి రోజు పిల్లకి మీరు ఫోన్ చేయకండి, తనే చేస్తుంది అని తనే అందరికీ చెబుతుంది. ఆ రూలు గుర్తుంచుకునే ఇంటావిడకి ఫోన్ చేసింది.

"బెహన్‌జీ, మేరీ బేటీ ఖానా ఖాయా?"

"జీ, జీ, ఖా లియా. సో గయీ. ఫికర్ మత్ కరో," అంది ఇంటావిడ. తిందట, పడుకుందట.

ఎంత చటుక్కున చెప్పిందంటే, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేదు. కుర్చీ కిర్రుమనలేదు. అడుగుల చప్పుడు లేదు. వెనక టీవీ సీరియల్ ఒక్క క్షణం కూడా దూరం జరగలేదు. ఆ జవాబు హైమవతికి తన గొంతంత బాగా తెలుసు.

లేచి చూసి చెప్పండి అని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది కాంతవ్వ. బస్సులో చాప ఒళ్లో పెట్టుకుని, ఇదే జవాబు విని, "మంచిది మేడం" అంది. అంతకుముందు ఎందరో తల్లులు అలాగే "మంచిదండీ" అన్నారు. వాళ్లంతా నమ్మారనే ఇన్నాళ్లూ అనుకుంది. వాళ్లకీ తెలిసే ఉంటుంది. తెలిసీ, ఇంకేం చేయగలరు గనక, ఆ మాటనే పట్టుకుని పడుకుని ఉంటారు.

"మంచిది బెహన్‌జీ," అంది హైమవతి. కళ్లు తుడుచుకుంది.

ఫోన్ చేతిలో ఉండగానే టేబుల్ మీది ఫోన్ మోగింది. కూతురు చేరిన రోజునుంచీ కాంతవ్వ ఈ వేళకి ఫోన్ చేస్తూనే ఉంది.

"మేడం, నిరోష తిన్నదా?"

ఏళ్ల అలవాటు కదా, "తిందండీ" అనే మాట నోటిలోకి వచ్చేసింది. హైమవతి దాన్ని మింగేసింది. "మీరు ఫోన్ పెట్టకండి కాంతవ్వగారూ," అంది. "నా మోకాళ్లు మంచివి కావు, కాస్త ఆలస్యమవుతుంది. నేను పైకి వెళ్లి, మీ అమ్మాయినే పిలుస్తాను."

"అయ్యో, మీరెందుకు ఎక్కుడు మేడం..."

"పర్లేదమ్మా. ఉండండి."

రిసీవర్ టేబుల్ మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, గోడ పట్టుకుని, హైమవతి మొదటి మెట్టు ఎక్కింది.